తప్పు థర్మామీటరుదే

సొంత గరాజులో విమానం కట్టుకునే వెసులుబాటును అమెరికా ప్రభుత్వం తన పౌరులకు ఉదారంగానే ఇచ్చింది. పనిలో సగానికి పైగా చేతులారా చేసుకోవాలన్నది అందులో ముఖ్యమైన షరతు. వేల రివెట్లు కొట్టి, రంగు వేయించి, ముక్కుకు కౌలింగ్ అనే ఫైబర్‌గ్లాస్ ఇంజన్ కవచం తొడిగి గాలిలోకి లేచిన ఆ పౌరునికి, ఎత్తు అందుకోకముందే ఇంజన్ నాలుగో సిలిండరు తల (హెడ్) 430 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తే ఏం చేయాలి? థర్మామీటరును అనుమానించాలి.

లైకమింగ్ కంపెనీ ఆ తరహా ఇంజన్లకు గరిష్ఠ హద్దు 500 అని ముద్రించింది కనుక, ఇంకా 70 డిగ్రీల ఆస్తి మిగిలే ఉంది. వేడి పెరిగే కొద్దీ అల్యూమినియం బలం తగ్గుతుందనీ, సిలిండర్లు పదికాలాలు మన్నాలంటే సాధారణ ప్రయాణంలో 400 దాటనివ్వకూడదనీ చెప్పేవారు ఎప్పుడూ ఉంటారు. వారు పెళ్లిలో కూడా వర్షం గురించే మాట్లాడతారు.

వేడి కొలిచే ప్రోబు మార్చినా అంకె దిగకపోతే, కౌలింగ్ ముందున్న గాలి రంధ్రాలను వెడల్పు చేయడం ఆనవాయితీ. ఇంజన్‌ను చల్లబరిచే గాలి కౌలింగ్ పైభాగంలో చేరి, ఒత్తిడి పెంచుకుని, సిలిండర్ల చుట్టూ ఉండే పలుచని రెక్కల (ఫిన్ల) సందుల్లోంచి కిందికి దిగి, అడుగు ద్వారం గుండా పోవాలి. వేడెక్కి వ్యాకోచించిన గాలికి వచ్చిన దారికంటే పోయే దారే విశాలంగా ఉండాలన్న చిన్న విషయం మాత్రం రంపం పట్టినవారికి తట్టదు.

అసలు ముద్దాయి, గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకు గోడ (బాఫిల్) అంచున ఉన్న సిలికాన్ రబ్బరు పట్టీ. లోపలి ఒత్తిడికి అది కౌలింగ్‌కు అతుక్కుపోవాలి. ఒక మూల వెనక్కి మడతపడిందా, గాలి ఫిన్ల ఇరుకుదారిని వదిలేసి, ఏ పనీ చేయకుండా అటునుంచే జారుకుంటుంది. రాత్రిపూట కౌలింగ్ అడుగున లైటు వెలిగించి, ముందు రంధ్రాల్లోంచి తొంగిచూస్తే ఆ సందులన్నీ దీపాల వరుసలా బయటపడతాయి. అయితే ఇన్నేళ్ల పనితనాన్ని అలా అవమానించడానికి మనసొప్పాలి కదా! అలాగే, ఎక్కేటప్పుడు ముక్కు కాస్త దించి వేగం పెంచితే అంకె తగ్గుతుంది. కాని అమెరికాలోని ఓష్‌కోష్‌లో ఏటా జరిగే ఎయిర్‌వెంచర్ విమానాల మేళాకు వచ్చినవారికి తన విమానం నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతుందో చెప్పుకోవాలి. గాలి బయటికి పోయేందుకు అడుగున చీలికలు (లూవర్లు) పెట్టించవచ్చు, కాని రంగు పాడవుతుంది.

అందువల్ల నా ప్రతిపాదన ఒకటే. నేటి డిజిటల్ ఇంజన్ మానిటర్లలో హెచ్చరిక మొదలయ్యే అంకెను యజమానే పెట్టుకోవచ్చు. దాన్ని 400 నుంచి 450కి మార్చితే చాలు: రేకు కత్తెర అక్కర్లేదు, రబ్బరు అక్కర్లేదు, విమానం బరువు గ్రాము కూడా పెరగదు.