సవరణ: 1980 హాకీ మ్యాచ్ ప్రత్యక్ష ప్రసారం కాదు

శీతాకాల ఒలింపిక్స్ ప్రసారాల మీద ప్రేక్షకుల ఫిర్యాదుల గురించి మొన్న రాసినప్పుడు, ‘1980లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో అమెరికా కుర్రాళ్లు సోవియట్ జట్టును 4-3తో ఓడించిన ఐస్ హాకీ మ్యాచ్‌ను అమెరికన్లందరూ ప్రత్యక్షంగా చూశారు, ఇప్పటివాళ్లకే ఆలస్యపు ప్రసారాలు’ అన్నాను. అది తప్పు.

ఫిబ్రవరి 22న మ్యాచ్ మొదలైంది అక్కడి సాయంత్రం 5 గంటలకు. అమెరికా టీవీ సంస్థ ఏబీసీ దాన్ని రికార్డు చేసి రాత్రి 8 తర్వాత చూపించింది. రాత్రికి జరపమని అడిగితే సోవియట్ వైపు ఒప్పుకోలేదు. అప్పటికి మాస్కోలో తెల్లవారుజామున 4 అవుతుంది మరి! సరిహద్దుకు దగ్గరలో ఉండి కెనడా టీవీ చానల్ సీటీవీ అందినవాళ్లు మాత్రం జరుగుతుండగానే చూశారు. ఆనాటి పత్రికలు, ప్రసార చరిత్ర రాసినవారు చెప్పేది ఇదే.

నేను నమ్మింది, దశాబ్దాలుగా అమెరికాలో ఉంటున్న మా పెదనాన్నగారి మాటను. ‘సోఫా అంచున కూర్చుని చూశాను, లైవే’ అని ఆయన ఇప్పటికీ గట్టిగా అంటారు. ఆయన ఒక్కరే కాదు, అక్కడ చాలామంది జ్ఞాపకం అలాగే ఉంది. మ్యాచ్ చివర్లో టీవీ వ్యాఖ్యాత అల్ మైకేల్స్ ‘అద్భుతాలను నమ్ముతారా? అవును!’ అని వేసిన పేరుమోసిన అరుపు మాత్రం మ్యాచ్ జరుగుతున్నప్పటిదే, తర్వాత అతికించింది కాదు. బహుశా అందుకే ఆ భ్రమ.

ఇంకొకటి. బంగారు పతకం ఆ రోజే వచ్చిందని కొందరు అర్థం చేసుకున్నారు. అది రెండు రోజుల తర్వాత, ఫిన్లాండ్‌ను 4-2తో గెలిచాక వచ్చింది. పాత టపాలో ‘ప్రత్యక్షంగా చూశారు’ అన్న వాక్యం కొట్టేశాను.