ఢోలక్‌పూర్‌లో ఎవరికీ బుద్ధి రాకూడదు

ఢోలక్‌పూర్ మహారాజు ఇంద్రవర్మ అసమర్థుడనే అపవాదు చాలాకాలంగా ప్రచారంలో ఉంది. 2008లో పోగో చానెల్‌లో ‘ఛోటా భీమ్’ అనే పిల్లల బొమ్మల ధారావాహిక మొదలైన నాటి నుంచి, రాజ్యం మీదికి బందిపోటు వచ్చినా, మాంత్రికుడు వచ్చినా, పొరుగు రాజ్యపు పహిల్వాను తొడగొట్టి సవాలు విసిరినా ఆయన చేసే పని ఒక్కటే: తొమ్మిదేళ్ల కుర్రవాడు భీముడికి కబురు పంపడం. కోట ఉంది, కోటలో భటులున్నారు, భటుల చేతుల్లో బల్లేలున్నాయి. ఆ బల్లేల వల్ల రాజ్యానికి ఒనగూడిన మేలు మాత్రం ఎవరి కంటా పడలేదు. ఇదంతా చూసి పరిపాలన గురించి తెలిసినవారు నవ్వుతారు. వ్యాపారం గురించి తెలిసినవారు లేచి నిలబడి నమస్కరిస్తారు.

ఇంద్రవర్మ ఏదో ఒక ఎపిసోడ్‌లో బుద్ధి తెచ్చుకుని, సరిహద్దులో గట్టి కాపలా పెట్టి, చెరసాలకు మంచి తాళం వేయించాడనుకుందాం. బందిపోటు మంగళ్‌సింగ్ మళ్లీ బయటికి రాడు. వాడు రాకపోతే కథ లేదు, కథ లేకపోతే డీవీడీ డిస్కు లేదు, డిస్కు లేకపోతే దాని అట్ట మీద బొమ్మ లేదు, ఆ బొమ్మ అచ్చు వేసిన స్కూలు బ్యాగూ లేదు. రాజీవ్ చిలకా 2001లో హైదరాబాద్‌లో నెలకొల్పిన, ఈ ధారావాహిక తీసే గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌లో పనిచేసే చిత్రకారుల ఇళ్లలో పొయ్యి వెలుగుతున్నదంటే, అది ఆ మహారాజు తాళం విషయంలో చూపిన ఉదాసీనత పుణ్యమే. తన పేరు చెడగొట్టుకుని ఇంతమందికి ఉపాధి కల్పించిన పాలకుడు చరిత్రలో ఎందరున్నారు? (మన హైదరాబాద్‌లో పుట్టిన కుర్రవాడు మన ఇంట్లో మాట్లాడడానికి డబ్బింగ్ కళాకారుడి గొంతు అరువు తెచ్చుకోవలసి వచ్చింది కానీ, అది రాజుగారి శాఖ పరిధిలోకి రాదు.)

బుద్ధి రాకూడదనే ఈ నియమం రాజుతో ఆగదు. ఊళ్లో భీముడంటే గిట్టని కాలియా ప్రతి కథలోనూ అతనిపై పన్నాగం పన్నుతాడు, వాడి అనుచరులు ఢోలూ భోలూలు తలూపుతారు, చివరికి ముగ్గురూ దెబ్బలు తింటారు. మరుసటి కథ మొదలయ్యేసరికి నిన్నటి దెబ్బ గుర్తుండదు, వాపు కూడా ఉండదు. టున్‌టున్ మౌసి కొట్లో లడ్డూలను భీముడు మాయం చేస్తూనే ఉంటాడు, ఆమె వెంటబడుతూనే ఉంటుంది, లడ్డూలకు మూత ఉన్న డబ్బా కొనాలన్న ఆలోచన మాత్రం ఆమెకు రాదు. ఒక కథకు మరో కథతో ఏ బాకీ లేకపోవడమే ఈ ధారావాహిక బలం. ఎక్కడ మొదలుపెట్టినా అదే మొదలు, ఎక్కడ ఆపినా అదే ముగింపు. కాబట్టి ఏ కథలను ఏ డిస్కులో కూర్చి అమ్మినా, ఏది ముందు ఏది వెనుక అని అడిగే కొనుగోలుదారు ఉండడు.

డీవీడీలు ఏలిన రోజుల్లో ఈ విధానం గొప్పతనం ఇంటింటా రుజువైంది. నెల తిరిగేసరికి డిస్కు వెనుక గోళ్ల గీతలు, నూనె వేలిముద్రలు, ఎండిన పెరుగు మరక చేరేవి. భీముడు లడ్డూ నోటిదాకా తెచ్చిన క్షణంలో బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరి నిలిచిపోయేది. నాన్నగారు డిస్కు తీసి, నోటి ఆవిరి పట్టి, బనియన్ అంచుతో తుడిచి మళ్లీ పెట్టేవారు. ప్లేయర్ కాసేపు గరగరలాడి, ఆ ముక్కను దాటేసి, ఏకంగా యుద్ధం ముగిశాక తేలేది. ఇంట్లో ఎవరికీ ఏమీ నష్టపోయినట్టు అనిపించేది కాదు. లడ్డూ లోపలికి వెళ్లింది, కండ పొంగింది, శత్రువు ఆకాశంలోకి ఎగిరాడు. ఈ సంగతి తెలుసుకోవడానికి డిస్కు సహాయం అక్కరలేదని మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు. గీతలు పడినా అర్థం చెడని సాహిత్యం మన భాషలో ఇంకా రావలసి ఉంది.

ఈ వ్యవస్థకు నిజమైన గండం 2020లో వచ్చింది. భీముడికి రాకుమారి ఇందుమతితో పెళ్లయిపోయిందన్న మాట సామాజిక మాధ్యమాల్లో పుట్టి, భీముడి చిన్ననాటి నేస్తం చుట్కీకి న్యాయం జరగాలని ఒకప్పటి చిన్నారి ప్రేక్షకులు, అంటే మీసాలొచ్చిన వయోజనులు, ఉద్యమం లేవదీశారు. వారి ఆవేదనకు గణితం కూడా తోడుగా నిలిచింది. 2008లో తొమ్మిదేళ్లవాడికి 2020లో ఇరవై ఒకటి నిండుతాయి. ఏడేళ్ల చుట్కీకి పంతొమ్మిది. చట్టం దృష్టిలో ఇద్దరూ పెళ్లీడుకు వచ్చినట్టే. నిర్మాణ సంస్థ మాత్రం తొణకకుండా, వారంతా ఇంకా పిల్లలేననీ, పెళ్లీ గిళ్లీ ఏమీ జరగలేదనీ ప్రకటించింది. అది సరైన నిర్ణయమని ఖజానా వ్యవహారాలు తెలిసిన ఎవరైనా ఒప్పుకుంటారు. పెళ్లయితే సంసారం, సంసారంతో బాధ్యత, బాధ్యతతో బుద్ధి. బుద్ధి వచ్చిన భీముడు ముందుగా టున్‌టున్ మౌసి బాకీ తీర్చి, ఆ తరువాత చెరసాల తాళం సంగతి చూస్తాడు. అక్కడితో దుకాణం బంద్.

పైగా సంస్థ అప్పటికే ఎదురు దిశలో నడక మొదలుపెట్టింది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో భీముడు పాలు మానని పసివాడిగా, మాటలే లేని ధారావాహికలో దర్శనమిచ్చాడు. లోకంలో ఏళ్లు గడిచేకొద్దీ అందరికీ వయసు పెరిగితే ఇతనికి తగ్గింది. మాట కూడా పడిపోవడంతో డబ్బింగ్ ఖర్చు సైతం కలిసివచ్చింది.

అప్పటికీ దాచుకున్న సరుకు అయిపోలేదు. 2012లో సోనాపూర్‌లో దమ్యాన్ అనే మాంత్రికుడి శాపాన్ని భీముడు ఛేదించిన బొమ్మల సినిమాను, 2024లో అనుపమ్ ఖేర్ వంటి నటులతో మనుషుల సినిమాగా మళ్లీ తీశారు. పన్నెండేళ్ల క్రితం అణచిన మాంత్రికుడు మళ్లీ లేచాడంటే ఇంద్రవర్మ కాపలా ఎంత పదిలంగా సాగుతున్నదో ఊహించుకోవచ్చు. ఇదే లెక్కన వాడు 2036లో మూడోసారి లేవాలి. కాబట్టి అప్పటిదాకా మహారాజుగారిని సింహాసనం నుంచి దించరాదనీ, ఆయన సమీపానికి మంచి సలహాదారులెవరినీ రానివ్వరాదనీ, ముఖ్యంగా తాళాలు అమ్మేవారిని ఢోలక్‌పూర్ పొలిమేరలోనే ఆపాలనీ సంబంధిత అధికారులకు విజ్ఞప్తి చేస్తున్నాను.