రికార్డింగ్ గదిని అలా దాటేయకండి

సంగీతకారుల బయోపిక్‌లలో ఒక సీన్ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. హీరో కళ్ళు మూసుకుంటాడు, వేళ్ళు పియానో మీద పడతాయి, అద్దం వెనక ఇంజనీర్ నోరు తెరుచుకుని చూస్తుంటాడు, నిమిషంలో పాట రెడీ. వెంటనే స్టేడియం, జనం, కేకలు. ఆ మనిషి పేరు నిలబెట్టిన పనంతా ఆ గదిలోనే జరిగింది కదా, దాన్నే ఎగరగొట్టేస్తే ఇంకెవరి కథ చెప్తున్నట్టు?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ మీద 2018లో వచ్చిన 'బొహీమియన్ రాప్సొడీ' సినిమానే తీసుకోండి. 1975లో వాళ్ళు అదే పేరుతో చేసిన పాటలోని ఒపెరా భాగం ఒక్కదానికే మూడు వారాల దాకా పట్టింది. ముగ్గురి గొంతులనే పొరలు పొరలుగా టేపు మీద వేసుకుంటూ పోతే, చివరికి ఆ టేపు అరిగిపోయి వెలుతురులో పట్టుకుంటే అవతలి వైపు కనిపించిందని వాళ్ళే చెప్పారు. ఇంతకన్నా డ్రామా ఏం కావాలి? సినిమాలో అది 'ఇంకా పైకి పాడు' అనే నవ్వుల సీన్‌గా మిగిలింది.

ప్రేక్షకులకి బోర్ కొడుతుందంటారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే 'లవ్ అండ్ మెర్సీ' (2014) ఉంది. బీచ్ బాయ్స్ అనే అమెరికన్ బ్యాండ్‌కి పాటలు కట్టిన బ్రయాన్ విల్సన్ కథ, దర్శకుడు బిల్ పోలాడ్. విల్సన్ 23 ఏళ్ళ వయసులో 'పెట్ సౌండ్స్' ఆల్బమ్ చేస్తున్న రోజులని, ఆ ఆల్బమ్‌లో చాలా భాగం రికార్డ్ చేసిన హాలీవుడ్ స్టూడియోలోనే తీశారు. కెమెరా డాక్యుమెంటరీ వాళ్ళ కెమెరాలా ఆ గదిలో తిరుగుతుంది. కుర్ర విల్సన్‌గా వేసిన పాల్ డానో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఏం వాయించాలో చెప్తాడు, పియానో తీగల మీద జడపిన్నులు పెట్టి శబ్దం ఎలా మారిందో వింటాడు, రెండు బేస్‌లు రెండు వేర్వేరు శ్రుతుల్లో ఎలా కుదురుతాయని బేస్ గిటార్ వాయించే కేరల్ కే అడిగితే తన బుర్రలో కుదిరిందంటాడు. చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వాళ్ళని అదే ముక్కని మళ్ళీ మళ్ళీ, మళ్ళీ వాయిస్తూనే ఉండమంటాడు, పక్కనున్న బ్యాండ్ వాళ్ళకి ఓపిక నశించేదాకా. చూస్తున్న మనకి కూడా టెన్షన్ వస్తుంది. ఒక మనిషి చెవిలో ఉన్నది ఇంకొకరి చేతిలోకి రావాలంటే ఎంత కష్టమో ఆ సీన్లలో తెలిసినంతగా నాకు ఇంకెక్కడా తెలియలేదు.

ఇది గాల్లోంచి పుట్టించింది కూడా కాదు. అప్పటి రికార్డింగ్ సెషన్ల టేపులు 1997లో సీడీల బాక్స్ సెట్‌గా బయటికొచ్చాయి. టేక్‌కీ టేక్‌కీ మధ్య విల్సన్ మాటలు వినొచ్చు, ఇక్కడికి ఒక గుర్రాన్ని తేవచ్చా అని ఇంజనీర్ చక్ బ్రిట్జ్‌ని అడగడంతో సహా. అలాంటి ఆధారాన్ని పట్టుకుని, అందులో మనిషిని వెతికారు. నాకు అన్నిటికన్నా నచ్చింది డ్రమ్మర్ హాల్ బ్లేన్, రికార్డింగ్ కోసం పిలిపించిన మిగతా వాద్యకారులు ఇందులో గోడకి అంటించిన బొమ్మల్లా లేకపోవడం. వాళ్ళకి ముఖాలున్నాయి, సందేహాలున్నాయి, ఆ కుర్రాడి మీద గౌరవం ఉంది.

ఆ తర్వాత అదే గదిలో అతని మనసు చెదిరిపోవడం చూస్తాం. గాలిలో ఏదో తేడాగా ఉందని, వచ్చిన వాద్యకారులందరినీ వెనక్కి పంపేస్తాడు. అంతకుముందు అతని పని అంత దగ్గరగా చూశాం కాబట్టే అక్కడ గుండె పిండేసినట్టయింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఇళయరాజా గారి జీవితం మీద ధనుష్‌తో సినిమా అని 2024లో ప్రకటించారు. మన తెలుగు పాటలు కూడా ఎన్నో పుట్టిన చోటు కదా, ఆయన ఏళ్ళ తరబడి రికార్డింగ్ చేసిన మద్రాసులోని ప్రసాద్ స్టూడియో. ఆయన స్వరాలన్నీ కాగితం మీద రాసి ఇస్తే వయొలిన్ల వాళ్ళు, ఫ్లూట్ వాళ్ళు, గిటార్ వాళ్ళు ఎవరి కాగితం వాళ్ళు ముందు పెట్టుకుని కూర్చునేవారు. ఊరి నుంచి మద్రాసు వచ్చిన కష్టాలు చూపించండి, కాదనను. కానీ ఒక్క రికార్డింగ్‌నైనా మొదటి రిహార్సల్ నుంచి ఓకే అయిన టేక్ దాకా పూర్తిగా చూపించండి, ఆ వాద్యకారుల పేర్లతో సహా. పది నిమిషాలు పట్టినా సరే, మేం కూర్చుని చూస్తాం.