శుభలేఖ వెనక లెక్క

హైదరాబాద్ నిజాంపేటలో సొంత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ఉన్న మనిషికి ఏదో ఒక ఆదివారం, ఉప్మా తిన్నాక, శుభలేఖ వెనక లెక్క వేసే బుద్ధి పుడుతుంది. బాచుపల్లిలో ట్రిపుల్ బెడ్‌రూమ్ 80 లక్షలు. బ్యాంకు 80 శాతం ఇస్తుంది, అంటే 64 లక్షలు. చేతి నుంచి పెట్టేది పదహారే! 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లంటే ఈఎంఐ 55,500 పైచిలుకు. పాత ఫ్లాటును 22 వేలకు అద్దెకిస్తే నలభై శాతం దాకా అదే లాగేస్తుంది. ఆవిడ శుభలేఖ తిప్పి చూసి, "ఈ పెళ్లికి మనం వెళ్లలేదు కదండీ?" అంటుంది.

ఆ పదహారు పదహారుగా ఉండదు. రిజిస్ట్రేషన్ ఖర్చుకు బ్యాంకు అప్పివ్వదు. స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, కలిపి ఏడున్నర శాతం: 6 లక్షలు. బిల్డింగుకు ఇంకా ఓసీ, అంటే కాపురముండొచ్చనే అనుమతి పత్రం, రాలేదు కాబట్టి జీఎస్టీ 5 శాతం: 4 లక్షలు. ఇరవయ్యారైంది. అప్పుడు బ్యాంకు వాల్యుయర్ వస్తాడు. గోడ తట్టి, లిఫ్టు వైపు ఓ చూపు చూసి 74 లక్షలని రాస్తాడు. అగ్రిమెంట్ ధర, వాల్యుయేషన్, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాని మీదే 80 శాతం. లోను 59.2 లక్షలకు దిగుతుంది, చేతి సొమ్ము 30.8కి ఎక్కుతుంది. కార్పస్ ఫండ్, కార్ పార్కింగ్ గురించి బిల్డరు ఇంకా నోరు విప్పలేదు.

ఈలోగా బ్యాంకులో, "అద్దె ఆదాయం చూపిస్తే ఎలిజిబిలిటీ పెరుగుతుంది సార్" అంటారు. చూపించాలంటే అగ్రిమెంట్ కావాలి, అద్దె ఖాతాలో పడుతుండాలి. అద్దెకివ్వాలంటే పాతిల్లు ఖాళీ చేయాలి. ఖాళీ చేయాలంటే కొత్తిల్లు రావాలి. కొత్తిల్లు రావాలంటే లోను రావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు.

ఎలాగో బంగారం తాకట్టు పెట్టి గట్టెక్కి, జ్యేష్ఠంలో పాలు పొంగించి సామాను తరలిస్తాడు. పాత గేటుకు టు-లెట్ బోర్డు కట్టేసరికి ఆషాఢం. ఆ నెల మంచివాళ్లెవరూ ఇల్లు మారరు. అద్దె రాదు సరే, ఖాళీ ఫ్లాటు మెయింటెనెన్సు మూడు వేలు మాత్రం ఓనరే కట్టుకోవాలి. "శ్రావణంలో ఎగబడతారు సార్" అని వాచ్‌మన్ ఓదారుస్తాడు.

శ్రావణంలో వచ్చినవాళ్లు నేరుగా బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పుతారు. "మంజీరా నల్లానా, బోరా?" అని అడుగుతారు. రెండూ అని చెబితే నమ్మరు. పదేళ్లు కాపురమున్నప్పుడు కనబడని లోపాలన్నీ ఆ పది నిమిషాల్లో వరుసగా బయటపడతాయి. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని గీజరు ఎలిమెంట్ కాలిపోయి ఉంటుంది. నీళ్లు వేడెక్కవు, ఎంసీబీ మాత్రం టప్పున పడిపోతుంది. ఫ్లష్ ట్యాంకులో రబ్బరు వాషరు అరిగి రాత్రంతా నీళ్లు కారుతుంటాయి. వాషరు చవకే, ప్లంబర్ రావడమే ఖరీదు. "తూర్పు ఫేసింగ్ కాదా?" అని ఒకాయన చెప్పులేసుకుంటాడు. కొనేటప్పుడు బిల్డరు పడమరకు కూడా కారణాలు చెప్పాడు. అవి ఇప్పుడు ఒక్కటీ గుర్తురావు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. అద్దెకివ్వబోతే రెండూ.

చివరికి ఓ సాఫ్ట్‌వేర్ జంట కుదురుతుంది. పదకొండు నెలల అగ్రిమెంట్. రెండు నెలల అద్దె అడ్వాన్సు: 44 వేలు. అందులో ఏజెంటుకు పదిహేను రోజుల అద్దె, పెయింటరుకు బాకీ పోగా మిగలాల్సిన డబ్బు మిగలదు. ఎందుకంటే అదే వారం బాచుపల్లిలో వంటగది వాడు మిగతా బిల్లు అడుగుతాడు. అడ్వాన్సు తిరిగివ్వాల్సిన సొమ్మన్న సంగతి మనవాడికి తెలుసు. పదకొండు నెలల మాట కదా, అప్పటికి చూసుకోవచ్చు.

మూడో నెలలో వాట్సాప్ మోగుతుంది. "అంకుల్, మాకు పుణె ట్రాన్స్‌ఫర్ అయింది. వచ్చే నెలాఖరుకి ఖాళీ చేస్తాం. అడ్వాన్సు గూగుల్ పే చేస్తారా?"

అడ్వాన్సు అప్పటికే చిమ్నీగా మారి కొత్త వంటగది గోడకు వేలాడుతోంది. దాని కింద ఆవిడ ఉప్మా కలుపుతోంది.