ఆరడుగుల నక్షత్రం, అరవై వాట్ల బల్బు

నా కుడి చెవి ఇంకా ఎర్రగానే ఉంది. ఈ ఉదయం గుడిలో నలుగురు అడిగితే దోమ కుట్టిందని చెప్పాను. అంత దోమా అని ఐదో ఆయన అడిగాడు. ఆ ఐదో ఆయన మొన్న రాత్రి మా వాకిట్లోనే నిలబడి అంతా చూశాడు. చూసి కూడా అడిగాడు. ఆ ఒళ్లుమంటతోనే ఇది రాస్తున్నాను.

ముందు సంగతి టూకీగా చెప్పేస్తాను. పోయిన ఏడాది బజారులో కొన్న ప్లాస్టిక్ నక్షత్రం మూడో రోజుకే ఆరిపోయింది. దాంతో ఏడో తరగతి చదివే మా అమ్మాయి, ఈ క్రిస్మస్‌కు బజారు సరుకు ఏదీ మన గడప తొక్కకూడదని శాసనం చేసింది. చెట్టుకు బదులు సరుగుడు కొమ్మ. మంచుకు బదులు పాత దిండు చీల్చి తీసిన బూరుగు దూది. గుంటూరులో డిసెంబరులో కూడా మధ్యాహ్నం ఫ్యాను లేనిదే గడవదు కాబట్టి, ఫ్యాను వేసిన ప్రతిసారీ బేత్లెహేములో మంచు తుఫాను చెలరేగి మా పప్పు గిన్నెలో వచ్చి పడింది. పశువుల పాకలోని బొమ్మలు బంకమట్టివి. వాటిలో ఒంటె ఏదో, గేదె ఏదో చేసినవాళ్లు చెబితే తప్ప తెలియదు. పిండివంటలు మా అత్తగారి చేతిలో ఉన్నాయి గనక వాటికి ఏ లోటూ రాలేదు. నూనెలో కాగిన గుత్తిని పిండిలో ముంచి మళ్లీ నూనెలో ఒక్క విదిలింపు విదిలిస్తే గులాబీ పువ్వు ఊడి తేలుతుంది. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని తన చిన్ననాటి క్రిస్మస్ కథలు చెబుతూనే, ఒక్క పువ్వు రేక విరగకుండా రెండు డబ్బాలు నింపారు.

మా అక్క పిల్లలు నలుగురూ సెలవులకు వచ్చారు. నలుగురికీ తూర్పు దేశపు జ్ఞాని వేషమే కావాలి. జ్ఞానులు ముగ్గురే కదా అన్నాను. మా అమ్మాయి మత్తయి సువార్త రెండో అధ్యాయం తెచ్చి నా ముందు పెట్టింది. నిజమే, ఎందరు వచ్చారో మత్తయి రాయలేదు. బంగారము, సాంబ్రాణి, బోళము అని కానుకలు మూడు కనబడితే మనమే ముగ్గురిని లెక్కగట్టుకున్నాం. సరేనని నాలుగో జ్ఞాని చేతికి ఒక పళ్లెం గులాబీ పువ్వులు ఇచ్చాం. బేత్లెహేము చేరేలోగా ఆ జ్ఞాని వాటిని తినేశాడు.

నక్షత్రానికి ఎన్ని కొనలో కూడా మత్తయి రాయలేదు. రాసి ఉంటే, అవి రెండో మూడో అయి ఉంటే, నేను ఈపాటికి సుఖంగా ఉండేవాణ్ణి.

నక్షత్రం నా వాటాకు వచ్చింది. నేనే అడిగి తీసుకున్నాను, అది వేరే విషయం. ఆరడుగుల వెదురు బద్దలు ఐదు ఏటవాలుగా పేర్చి కడితే ఒక నక్షత్రం. అలాంటివి రెండు కట్టి, కొనల దగ్గర కలిపి, లోపలి మూలల్లో జానెడు పుల్లలు ఎగదోస్తే దానికి పొట్ట వస్తుంది. ఆ పొట్టలో బల్బు పెడతాం. ఆరడుగుల బద్దలు వాడితే మధ్యలో ఏర్పడే పంచభుజికి ఒక్కో భుజం దాదాపు 17 అంగుళాలు వస్తుందని మా అమ్మాయి కాగితం మీద లెక్క కట్టి చూపించింది. ఆ లెక్కతో మనకేం పని అన్నాను.

కూడళ్లను పురికొసతో కడదామని నేనన్నాను. హైదరాబాదు నుంచి వచ్చిన మా బావమరిది ఒప్పుకోలేదు. అతను కంప్యూటర్ కంపెనీలో పని చేస్తాడు. అందువల్ల వెదురు గురించి, వంట గురించి, నా రక్తపోటు గురించి అన్నీ తెలుసు. "పురికొస ఏ కాలం నాటిది, బావగారూ? బైండింగు తీగ వాడండి, నూరేళ్లు ఉంటుంది" అన్నాడు. అని కుర్చీలోంచి లేవలేదు. తీగతో నేనే కట్టాను. తీగ మొనలు లోపలికి పొడుచుకు వచ్చి ఉన్నాయి, మడిచెయ్యి నాన్నా అని మా అమ్మాయి రెండుసార్లు చెప్పింది. తరువాత మడుద్దాంలే అన్నాను.

జిగురు గురించి మాత్రం నేను గర్వంగా చెప్పుకోగలను. మైదాను చన్నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, సన్నని సెగ మీద అద్దంలా మెరిసేదాకా తిప్పాలి. దింపేముందు చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు. పుస్తకాలకు అట్టలు కట్టేవాళ్లు చేసుకునేది ఇదే. దీన్ని పూస్తే రంగు కాగితం వెదురును పట్టుకుని మళ్లీ వదలదు. వెదురునే కాదు, దేన్నీ వదలదు.

ముందు వైపంతా ఎర్ర కాగితం అంటించి, చేతులు కడుక్కుని, వెనక్కి జరిగి చూసి మురిసిపోయాక, లోపల బల్బు పెట్టలేదని గుర్తొచ్చింది.

అప్పటికి రాత్రి ఒంటిగంట దాటింది. ఆ వేళ దాకా మేల్కొని ఉండటం మా సరదా కాదు. ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ బృందం రాత్రి పది గంటలకు మా ఇంటికి వస్తుందని ఆదివారం ఆరాధనలో చదివారు. ప్రతి ఏడూ పది గంటలకనే చదువుతారు. పదింటికి వాళ్లు మొదటి ఇంట్లో టీ తాగుతూ ఉంటారు. మాది ముప్పై ఒకటో ఇల్లు. ఈ లెక్క చదివేవారికి తెలుసు, వినేవారికి తెలుసు. అయినా తొమ్మిదిన్నరకల్లా ఇస్త్రీ బట్టలు కట్టుకుని, లైట్లన్నీ వేసుకుని, పళ్లేలలో కేకు ముక్కలు సర్దుకుని కూర్చుంటాం. పడుకుంటే వచ్చేస్తారు. కూర్చుంటే రారు.

"వెనక నుంచి దూరితే రెండు నిమిషాల పని, బావగారూ. మీరు సన్నగానే ఉన్నారు కదా" అన్నాడు బావమరిది. నా ఇరవై ఏళ్ల కాపురంలో ఆ ఇంటివాళ్లు నన్ను సన్నగా ఉన్నానని అనడం అదే మొదలు. ఆ మాటకు పడిపోయాను.

నక్షత్రం వరండా స్తంభానికి ఆనించి ఉంది. వెనక వైపు నుంచి తల దూర్చాను, కుడి చెయ్యి దూర్చాను. హోల్డరు పట్టుకుని కుడి భుజం, ఆ వెంట ఎడమ భుజం కూడా దూర్చాను. ఎడమ చెయ్యి పక్కటెముకలకు అతుక్కుపోయింది. సరిగ్గా అప్పుడు వీధి మలుపులో డోలు మోగింది. "ఏమండీ, వచ్చేశారు!" అని మా ఆవిడ కేక పెట్టింది. నేను ఉలిక్కిపడి లేచాను. ఎర్ర కాగితాన్ని చీల్చుకుని నా తల అవతలికి వచ్చింది. వెనక్కి లాగబోతే తీగ మొనలు చొక్కాను పట్టుకున్నాయి. చేపలు పట్టే బుట్టలోకి చేప ఎంత సులువుగా వెళుతుందో, ఎందుకు బయటికి రాలేదో నాకు ఆ క్షణాన అనుభవంలోకి వచ్చింది. ఎవరైనా లాగండర్రా అనబోతుంటే, వచ్చేవాళ్లకు చీకటిగా ఉంటుందని మా బావమరిది స్విచ్చి వేశాడు.

గేటు తీసుకుని నలభై మంది లోపలికి వచ్చేసరికి వాళ్లకు కనబడింది ఇది: ఆరడుగుల ఎర్ర నక్షత్రం, దాని నడుమ నా తల, తల పక్కన చెయ్యెత్తి పట్టుకున్న, వెలుగుతున్న బల్బు. నా చుట్టూ నలుగురు జ్ఞానులు.

ఒక్క క్షణం డోలు ఆగింది. ఆ తరువాత చప్పట్లు కొట్టారు.

నేను నోరు తెరిచి నిజం చెప్పవలసింది. కానీ చప్పట్లు కొట్టేవాళ్లతో ఇరుక్కుపోయానని ఎలా చెప్పడం? ఇంకా రెండు పాటలే కదా, పది నిమిషాలు ఓర్చుకుందాం అనుకున్నాను. పాటలు బాగానే పాడారు. ఫోన్లు బయటికి వచ్చాయి. మధ్యలో ఒక కుర్రవాడు నా పక్కకు వచ్చి తనూ ఫోటో దిగాడు. పాటలయ్యాక సంఘ పెద్దగారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. ఆ కళ్లజోడు జేబులోకి వెళ్లిందంటే ప్రార్థన చిన్నది కాదని మా సంఘంలో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆయన రిటైరైన సోషల్ మాస్టారు. ప్రార్థనలో కూడా పాఠం వదలరు. "మహా ఘనుడవైన తండ్రీ, 1842వ సంవత్సరములో సముద్రములు దాటించి మిషనరీ హయ్యరు గారిని మా గుంటూరుకు నడిపించిన దేవా" అని మొదలుపెట్టారు. అంటే మా ఇంటికి రావడానికి ఇంకా నూట ఎనభై ఏళ్ల పైచిలుకు ఉంది. బల్బు అరవై వాట్లది. పసుపు వెలుగే కావాలని మా అమ్మాయి పట్టుబడితే స్టోరు గదిలోంచి పాతది వెతికి తీశాం. అది చెవికి మూడంగుళాల దూరంలో ఉంది. చెయ్యి చాపి దూరంగా పెడదామంటే మోచేతికి వెదురు బద్ద అడ్డం.

1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గారు వచ్చారు. చెవి వెచ్చబడింది. 1885లో ఆంధ్ర క్రైస్తవ కళాశాల వెలిసింది. చెవి కాలడం మొదలైంది. 1898లో కుగ్లర్ గారి ఆసుపత్రి తెరిచారు, నాకు వెంటనే అందులో చేరాలనిపించింది. ఇంతలో పై బద్దకు పూసిన జిగురు కరిగి నుదుటి మీదికి, నుదుటి నుంచి కనుబొమ మీదికి జారింది. మైలుతుత్తం చిటికెడే వేశాను, కానీ కంటి మూలకు చేరేసరికి ఆ చిటికెడు చాలింది. రెండు కళ్లూ ధారలు కట్టాయి.

ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకోవాలన్నది నియమం. పెద్దలకు మినహాయింపు ఉన్నట్లుంది. ఆయన ఒక కన్ను తెరిచి నన్ను చూశారు. నా కన్నీళ్లు చూశారు. గొంతు వణికింది. "ఈ దాసుని హృదయమును కరిగించిన తండ్రీ" అని, 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడిన దగ్గర ఆపవలసినవారు అక్కడి నుంచి రెట్టించిన ఉత్సాహంతో కొత్త అధ్యాయం ఎత్తుకున్నారు. వరదలు, కరువులు, రైతులు, మిర్చి ధర, పరీక్షలు రాసే పిల్లలు, రాష్ట్రాన్ని ఏలేవారు, దేశాన్ని ఏలేవారు, అందరూ వచ్చి వెళ్లారు. నా కాళ్ల దగ్గర నాలుగో జ్ఞాని నిద్రపోయాడు. మా బావమరిది తలవంచుకుని, చేతులు కట్టుకుని, స్విచ్చికి జానెడు దూరంలో నిలబడి ఉన్నాడు. ఆ జానెడు దూరం నేను బతికి ఉండగా మరిచిపోను.

ఆమేన్ అన్నది అందరికన్నా ముందు నేనే. గట్టిగా కూడా అన్నాను.

అప్పుడు కోశాధికారి రసీదు పుస్తకం తీసి, ఎంత రాయమంటారని నన్ను అడిగాడు. "ఐదు వందలు రాయండి" అని బావమరిది జవాబు చెప్పాడు. చెప్పి, నక్షత్రం వెనక్కి వెళ్లి, నా వెనక జేబులోంచి నా పర్సు తీసి, అందులోంచి నా ఐదు వందలు ఇచ్చాడు. సంఘ పెద్దగారు నా బుగ్గ తట్టి, ఆ జిగురు తన రుమాలుకు తుడుచుకుని, వచ్చే ఏడు గుడి ముందు కూడా ఇలాగే నిలబడాలని సెలవిచ్చి కదిలారు.

వాళ్లు మలుపు తిరిగాక మా ఆవిడ కత్తిపీట తెచ్చింది, రెండు బద్దలు కోస్తే సరిపోతుందని. మా అమ్మాయి అడ్డంగా నిలబడి, నక్షత్రాన్ని ముట్టుకోవద్దంది. మరి మీ నాన్న అంది మా ఆవిడ. చొక్కా కొయ్యండి అంది మా అమ్మాయి. అత్తగారు పండుగకు పెట్టిన చొక్కాను అత్తగారి కత్తెరతోనే వీపు మీద నిలువునా కోశారు. చిరుగుకు కొత్త కాగితం అంటించి తెల్లవారకముందే నక్షత్రాన్ని ఎత్తి కట్టాం. బాగానే వెలుగుతోంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఎర్ర కాగితం వెనక ఒక బొత్తాం నీడ కూడా కనబడుతుంది.

ఇందాక బల్ల మీద ఆ చందా రసీదు దొరికింది. పేరు దగ్గర మా బావమరిది పేరు ఉంది.