శాలువాలు చాలు, నెలనెలా ఏం పంపుతామో చెప్పండి

పోయిన డిసెంబర్‌లో, విదేశాల్లో ఉంటున్న మన తెలుగు క్రైస్తవుల అసోసియేషన్ సికింద్రాబాద్‌లో జరిపిన సెమీ క్రిస్మస్‌కి (క్రిస్మస్‌కు ముందు చేసే వేడుకకి) మీలో చాలామంది వచ్చారు. రానివాళ్లు గ్రూపులో ఫొటోలు చూశారు. ఆ ఫొటోల గురించే నా బాధ.

‘పల్లె పాస్టర్లకు సన్మానం’ అని ఫ్లెక్సీ వేశాం. మెదక్, సంగారెడ్డి వైపు ఊళ్ల నుంచి పాస్టర్లు (మనం అయ్యగార్లు అంటాం), వాళ్ల భార్యలైన అమ్మగార్లు తెల్లవారుజామునే బస్సెక్కి జేబీఎస్ బస్టాండులో దిగారు. ముందు వరుస సోఫాలు సిటీ ప్రసంగీకులకు పోయాయి. పల్లెవాళ్లకు వెనక ప్లాస్టిక్ కుర్చీలు. కేక్ కటింగ్, పిల్లల డాన్సులు, ప్రసంగం మీద ప్రసంగం, అన్నీ అయ్యి భోజనాల వేళ దాటాక వాళ్లను వరుసగా స్టేజీ ఎక్కించాం. శాలువా, బియ్యం బస్తా, ఫొటో. అరవై దాటిన ఒక అయ్యగారిని, ఫొటోలో మన లోగో పడలేదని మళ్లీ పిలిచి, బస్తా పట్టించి నిలబెట్టారు. ఆయన మారు మాట్లాడకుండా నిలబడ్డారు. వచ్చిన పాస్టర్లలో ఒక్కరికీ మైకు ఇవ్వలేదు.

భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చున్నాను. అమ్మగారి సంచిలో వాళ్ల సంఘం, అంటే చర్చి, పద్దుల పుస్తకం కనిపిస్తే అడిగి తీసుకుని చూశాను. ఆదివారం కానుకలు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. ఒక వారం నూట పది రూపాయలు, ఆరు కోడిగుడ్లు. ఇంకో వారం సోలెడు కందులు. సెప్టెంబర్‌లో రెండు ఆదివారాలకు ఎదురుగా ఉత్త గీత. “పత్తి చేతికి రాకముందు ఎవరి దగ్గరా డబ్బులుండవమ్మా” అని ఆవిడే విశ్వాసుల తరఫున చెప్పారు. అయ్యగారు వారంలో సగం రోజులు కూలికి వెళ్తారు. సాయంత్రం గృహ కూడికలు. రాత్రిపూట ఎవరికి నొప్పులొచ్చినా ఆటో మాట్లాడి గవర్నమెంట్ ఆసుపత్రికి తీసుకెళ్లేదీ, పెన్షన్ కాగితాలు పట్టుకుని మండల ఆఫీసు చుట్టూ తిరిగేదీ ఆయనే. వాళ్ల అమ్మాయి నర్సింగ్ ఫీజు మాత్రం బాకీ ఉంది.

మా చిన్నప్పుడు అమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. ఆదివారం అన్ని ఇళ్ల పిడికెళ్లూ కలిసి అయ్యగారింటికి చేరేవి. ఎవరిల్లు ఎంత ఇచ్చిందో ఎవరికీ తెలిసేది కాదు. కోత పండుగనాడు తొలి గుమ్మడికాయకు వేలం పాట పాడితే ఊరంతా పోటీపడేది. అంత ప్రేమగల ఆ సంఘమే, అయ్యగారి పిల్లల చదువు మాటెత్తితే “దేవుడే చూసుకుంటాడు” అని లేచి వెళ్లిపోయేది. ఆ అలవాటు మనతో పాటు విమానమెక్కింది.

సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి పెద్ద సంఘాల్లో గురువులకు డయాసిస్, అంటే బిషప్ కింద ఉండే ప్రాంతీయ విభాగం, జీతమిస్తుంది. స్వతంత్రంగా చిన్న సంఘాలు నడిపేవాళ్లకు జీతం, పీఎఫ్, పెన్షన్ ఏవీ లేవు. వాళ్ల విశ్వాసుల్లో ఎక్కువమంది దళిత కూలీలు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైతే ఎస్సీ హోదా పోతుంది, వెనుకబడిన తరగతుల్లో బీసీ-సి గ్రూపు కింద 1 శాతం రిజర్వేషనే మిగులుతుంది. పాస్టర్ పిల్లలదీ అదే గతి.

సన్మానం మర్నాడు మన బస్సు మెదక్ చర్చికి వెళ్లింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన గుడి అది. కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొరగారు జనానికి పని చూపించి, ఆ పనికి తిండి పెట్టి కట్టించారు. అక్కడ అందరం సెల్ఫీలు దిగాం. ముందు రోజు వచ్చిన పాస్టర్లలో ఒక్కరినైనా ఆ బస్సు ఎక్కించుకోవాలని ఎవరికీ తోచలేదు.

పాస్టర్లలో మోసగాళ్లున్నారని అంటారు. ఉన్నారు, అందుకే లెక్క అడగాలి. బైబిల్లో అపొస్తలుడు పౌలు డేరాలు కుట్టుకుని బతకలేదా అంటారు. కుట్టాడు. ఫిలిప్పీ సంఘం పంపిన సాయం కూడా తీసుకున్నాడు. ఆయనకు ఫీజు కట్టాల్సిన ఆడపిల్ల లేదు.

చట్టం సంగతి అసలైన చిక్కు. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) సవరించాక, విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. డబ్బు ముందుగా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. తెలిసినవాళ్ల ట్రస్టుకు పంపి పంచిపెట్టమనడం ఇక వద్దు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మార్చుకున్నవాళ్లది, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, వస్తుంది. కాబట్టి ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న కుటుంబాలు ఒక్కో అయ్యగారి బాధ్యత తీసుకోండి. సంఘ పెద్దలకు తెలిసేలా, రశీదుతో, నెలనెలా పంపండి. మిగిలినవాళ్లం ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ద్వారానే వాళ్ల పిల్లల ఫీజులు చూద్దాం.

ఈ ఏడాది బడ్జెట్‌లో శాలువాలు, ఫ్లెక్సీలు, స్టేజీ డెకరేషన్ పద్దు కొట్టేసి, ఆ చోట పాస్టర్ల బస్సు చార్జీలు, రాత్రి బస రాయమని కమిటీకి ప్రతిపాదన ఇస్తున్నాను. సభలో మొదటి గంట మైకు వాళ్లకే ఇవ్వాలని కూడా అందులో ఉంది. దయచేసి సమావేశానికి ముందే బలపరుస్తూ సంతకాలు పెట్టండి.