ఎండ కబురు ఊరి దాకా రావాలి

ఈసారి వేసవి ఎలా ఉండబోతోందో వాతావరణ శాఖ ముందే చెబుతుంది. మార్చి నుంచి మే వరకు ఎండలు, వడగాలులు మామూలు కంటే ఎక్కువా తక్కువా అన్నది ఫిబ్రవరి ఆఖరుకల్లా తేల్చేస్తుంది. ఏప్రిల్‌ నుంచి జూన్‌ దాకా పరిస్థితిని మార్చి ఆఖరులో మరోసారి వివరిస్తుంది. ఆ తర్వాత ప్రతి రోజూ బులెటిన్లు, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు. ఇంత సమాచారం ఉన్నా మిరప కల్లంలో కాయలు ఏరే కూలీకి, కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసుకుని కాపలా కాస్తున్న రైతుకు కావలసిన మాట మాత్రం అందులో దొరకడం లేదు. రేపు పొద్దున ఎన్నింటికి పనిలోకి దిగాలి, ఎన్నింటికి ఆపేయాలి? ఈ రాత్రి రాశి మీద పట్టా కప్పాలా, అక్కర్లేదా? పల్లెలో వాతావరణ సూచన అంటే ఈ ప్రశ్నలకు జవాబు. అది జిల్లా కేంద్రంలో ఆగిపోకుండా ఊరి దాకా రావాలని, పని చేసేవాళ్లకు పనికొచ్చే మాటల్లో రావాలని మేము కోరుతున్నాం.

బులెటిన్‌లో చెప్పే 43 డిగ్రీలు నీడలో కొలిచిన లెక్క. తెల్ల రంగు వేసి, గాలి ఆడేలా సందులున్న పలకలు బిగించిన చెక్క పెట్టెలో, నేలకు దాదాపు మనిషి ఛాతీ ఎత్తున థర్మామీటరు పెట్టి చూస్తారు. ఎక్కడ కొలిచినా ఒకే పద్ధతి ఉండాలి కాబట్టి అది సరైనదే. కానీ మిరప కల్లంలో ఆ పెట్టె నీడ ఉండదు. నెత్తిన ఎండ, కింద కాలుతున్న నేల, చుట్టూ ఎర్రగా పరిచిన కాయల నుంచి లేచే ఘాటు, ముక్కుకూ నోటికీ అడ్డంగా చుట్టుకున్న గుడ్డ. అక్కడ కూర్చుని తాలు కాయలు వేరుచేసే ఆడవాళ్ల ఒంటికి తగిలే వేడి 43 కాదు, అంతకు చాలా ఎక్కువ. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య నమోదయ్యే గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటి చెప్పి వదిలేస్తే, ఆ వేడి పొద్దున ఎన్ని గంటలకే భరించలేనంతగా మారుతుందో తెలియదు. కూలీకి కావలసింది ఆ గంట.

వడగాలి ఉందని వాతావరణ శాఖ ప్రకటించడానికి లెక్కలున్నాయి. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, ఆ తేదీకి మామూలుగా ఉండాల్సిన దానికంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు పెరిగితే వడగాలి. 6.4 దాటితే తీవ్ర వడగాలి. మామూలుతో పోల్చకుండానే 45 తాకితే వడగాలి, 47 తాకితే తీవ్ర వడగాలి. తీరప్రాంతానికి మొదటి గీత 37 డిగ్రీలు. ఈ లెక్కల్లో గాలిలోని తేమకు చోటు లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో 38 డిగ్రీలకే ఉక్కపోతతో ఊపిరాడదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, తేమ నిండిన గాలిలో అది ఆరదు. పల్నాడులో 43 డిగ్రీల పొడి ఎండను తట్టుకున్న మనిషి దివిసీమలో 38కే కూలబడిపోవచ్చు. కాబట్టి ఊరికి చెప్పే సూచనలో ఉష్ణోగ్రతతో పాటు ఉక్క ఎంత ఉంటుందో కూడా ఉండాలి.

మన ఎండ ఎక్కడి నుంచి వస్తుందో కూడా జనానికి చెప్పడం మంచిది. రాజస్థాన్‌, విదర్భ మీదుగా వీచే వాయవ్య గాలులు పొడిగా, వేడిగా తెలంగాణలోకి, అక్కడి నుంచి కోస్తాలోకి దిగుతాయి. ఆ గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి లోపలికి రాలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు రావాల్సిన చల్లగాలి సాయంత్రం దాకా రాకపోతే ఆ రోజు తీరంలోనూ నిప్పులే. రామగుండం, రెంటచింతల పేర్లు ఏటా వార్తల్లో ఉండేది ఇందుకే. 2015 మే నెలలో ఇలాంటి గాలులే రోజుల తరబడి వదలకుండా వీచాయి. దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఉభయ తెలుగు రాష్ట్రాల వాళ్లే. పోయినవాళ్లలో ఎండలో పని చేయక తప్పని కూలీలు, నిలువ నీడలేని ముసలివాళ్లు ఎందరో ఉన్నారు.

ఆ తర్వాత రెండు రాష్ట్రాల్లో మంచి పని చాలా జరిగింది. ఆంధ్రప్రదేశ్‌ విపత్తుల నిర్వహణ సంస్థ ఏ మండలంలో రేపు వడగాలి, ఏ మండలంలో తీవ్ర వడగాలి అన్నది పేర్లతో సహా ముందురోజే విడుదల చేస్తోంది. తెలంగాణలో మండలాలన్నింటినీ కలుపుతూ వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలు పనిచేస్తున్నాయి. 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గ్రామ పంచాయతీ స్థాయిలో వాతావరణ సూచన ఇచ్చే ఏర్పాటును ప్రారంభించింది. 2025 మేలో వాతావరణ శాఖ నేలను ఆరేసి కిలోమీటర్ల గళ్లుగా విడదీసి లెక్క కట్టే కొత్త అంచనా పద్ధతిని అమల్లోకి తెచ్చింది, అంతకుముందు ఒక్కో గడి 12 కిలోమీటర్లు. లెక్క కట్టే చోట లోటు తగ్గుతోంది. లోటంతా ఆ లెక్కను ఊళ్లో చెప్పే చోటే ఉంది.

పంచాయతీ సూచన యాప్‌లో ఉంటుంది. ఆ యాప్‌ ఎవరి ఫోన్‌లో ఉంది? సర్పంచి ఫోన్‌లోనో, కార్యదర్శి ఫోన్‌లోనో ఉంటే అదృష్టం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి తునికాకు కోతకు అడవిలోకి వెళ్లే గిరిజన కుటుంబానికి యాప్‌తో పని జరగదు. ఊళ్లో అందరికీ వినపడే సాధనాలు ఇంకా ఉన్నాయి. పంచాయతీ మైకు ఉంది, చెత్త బండికి కట్టిన స్పీకరు ఉంది, చాలాచోట్ల దండోరా వేసే మనిషి ఉన్నాడు. ఇంటి పన్ను కట్టమని చెప్పడానికి, కుళాయి నీళ్ల వేళలు మారాయని చెప్పడానికి వాటిని వాడుతున్నాం కదా. మార్చి పదిహేను నుంచి మృగశిర కార్తె వచ్చేదాకా రోజూ సాయంత్రం ఆరున్నరకు రేపటి ఎండ కబురును అదే మైకులో చెప్పడం పంచాయతీ కార్యదర్శి విధుల్లో ఒకటి చేయాలి. చెప్పేది రెండు నిమిషాలకు మించక్కర్లేదు. "రేపు మన మండలంలో ఎండ 44 దాకా ఉంటుంది. పదిన్నర దాటాక పొలాల్లో ఎవరూ ఉండొద్దు. సాయంత్రం నాలుగు తర్వాత ఉరుములతో వాన పడొచ్చు, కల్లాల్లో వడ్లు కప్పుకోండి." ఇంత చాలు. హెచ్చరిక ఏ రంగుదో చెప్పకపోయినా ఫర్వాలేదు.

పల్లెకు తనదంటూ ఒక పంచాంగం ఉంది. అగ్ని కార్తె, రోహిణి కార్తె అనగానే రైతుకు ఏ పని ఎప్పుడో తెలిసిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట తరాల అనుభవం. సూర్యుడి నడకను బట్టి వచ్చే కార్తెలు ఏ కాలంలో ఎంత ఎండ ఉంటుందో బాగా చెబుతాయి, కానీ ఫలానా రోజు ఏమవుతుందో చెప్పలేవు. 2025లో సరిగ్గా రోహిణి కార్తె మొదలవుతున్న రోజుల్లోనే రుతుపవనాలు రాయలసీమను తాకాయి. రైతుకు రెండూ కావాలి. కార్తె ఊరికి ఎలాగూ తెలుసు, రేపటి మాటను ఊరికి చేర్చాల్సింది ప్రభుత్వమే.

ఆ మాట వచ్చినా, దాని ప్రకారం నడుచుకునే వీలు కూలీకి ఉందా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మధ్యాహ్నం పన్నెండు తర్వాత బయటికి రావొద్దని చెప్పడం తేలిక. ఉపాధి పనిలో తవ్విన మట్టిని కొలిచి కూలి కడతారు. పదింటికి ఇంటికి వెళ్లిపోతే కొలత తగ్గుతుంది, కూలి తగ్గుతుంది. దానికి తోడు హాజరు కోసం యాప్‌లో రెండుసార్లు ఫొటో తీయాలన్న నిబంధన వచ్చాక, ఆ రెండో ఫొటో కోసం ఎండలో కాచుకు కూర్చున్నామని చాలామంది కూలీలు చెబుతున్నారు. ఎండ గట్టిపడే నెలల్లో నేల కూడా గట్టిపడుతుంది, గడ్డపార దిగదు. ఇది గమనించే గతంలో వేసవి నెలల్లో పని కొలతలో 20 నుంచి 30 శాతం దాకా వెసులుబాటు ఇచ్చేవారు. ఆ వెసులుబాటు ప్రతి వేసవిలో, ప్రతి ఊళ్లో కచ్చితంగా అందాలి. తీవ్ర వడగాలి ఉందని ప్రకటించిన మండలంలో ఆ రోజు పొద్దున ఒకే ఫొటోతో హాజరు వేసి, పదింటికే పంపించి, పూర్తి కూలి ఇవ్వాలి. పని జరిగే చోట తాగునీరు, నీడ, మందుల పెట్టె ఉండాలని నిబంధనల్లో ఎప్పటినుంచో ఉంది. తడిపిన గోనెపట్ట చుట్టిన కుండ, నాలుగు గుంజల మీద తాటాకు పందిరి వేయడానికి పెద్ద బడ్జెట్‌ ఏమీ అక్కర్లేదు. తనిఖీకి వచ్చే అధికారి ముందుగా చూడాల్సింది వాటినే.

వడదెబ్బ తగిలితే ఏం చేయాలో కూడా ఊళ్లో పదిమందికీ తెలియాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి అయోమయంగా చూస్తుంటే అది మామూలు నీరసం కాదు. 108కు ఫోన్‌ చేసి ఊరుకోకూడదు. అంబులెన్సు వచ్చేలోగా నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ గాలి విసరాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. ఈ పది నిమిషాల్లో చేసే పనే ప్రాణం నిలబెడుతుంది. ఆశా కార్యకర్తలు ఊరూరా దీన్ని చేసి చూపిస్తే బాగుంటుంది.

ప్రాణం పోయాక ఆ కుటుంబానికి జరిగే అన్యాయం మరొకటి. వడదెబ్బ మరణాన్ని ధ్రువీకరించేది తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి ఉండే మండల కమిటీ. కాగితాలు, పోస్టుమార్టం లేకపోతే అది గుండెపోటుగానో, వయసు మీద పడి పోయినట్టుగానో రాసేస్తారు. పేద కుటుంబాలు పోస్టుమార్టం మాట వినగానే వెనకాడతాయి. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్లో వడగాలిని, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి పరిహారాన్ని 4 లక్షల రూపాయలకు పెంచడం మెచ్చుకోదగ్గ నిర్ణయం. అయితే కమిటీ లెక్కలోకి ఎక్కని చావుకు ఆ నాలుగు లక్షలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆరోజు ఆ మండలంలో వడగాలి హెచ్చరిక ఉండి, ఆ మనిషి ఎండలో పని చేసి వచ్చి పోయాడని ఊరివాళ్లు చెబితే, అది కాదని నిరూపించే బాధ్యత కమిటీ మీదే ఉండాలి.

వేసవి అంటే ఎండ ఒక్కటే కాదు. యాసంగి, దాళ్వా కోతలు ఏప్రిల్‌, మే నెలల్లోనే. పైరు ఇంటికొచ్చే వేళకే ఈదురుగాలులు, వడగళ్లు, పిడుగులు. 2023 మార్చిలో వడగళ్లు తెలంగాణలో మొక్కజొన్నను, మామిడిని నేలపాలు చేశాయి. ఆ ఏడాది మే మొదట్లో కొనుగోలు కేంద్రాల్లో ధాన్యం తడిసి మొలకెత్తింది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనరు. దాన్ని తగ్గించడానికి రైతు వడ్లను రోడ్డు మీద ఆరబోసి, కాళ్లతో తిరగేస్తూ ఉంటాడు. అయిదు నిమిషాల వానకు వారం రోజుల శ్రమ వరద పాలవుతుంది. ఉరుముల వాన ఏ ఊరి మీద పడుతుందో మూడు రోజుల ముందు ఎవరూ చెప్పలేరు. కానీ మేఘం లేచాక రాడార్‌లో చూసి రాబోయే మూడు గంటలకు హెచ్చరించే పద్ధతి ఉంది. ఆ హెచ్చరిక కొనుగోలు కేంద్రం నిర్వాహకుల ఫోన్‌కు నేరుగా వెళ్లాలి, కేంద్రంలో సరిపడా పట్టాలు ఉండాలి. హెచ్చరిక వచ్చీ పట్టాలు ఇవ్వలేకపోయిన చోట తడిసిన ధాన్యాన్ని మద్దతు ధరకే కొనాలి. పిడుగుల సంగతి కూడా ఇంతే. దామిని యాప్‌ చుట్టుపక్కల పడే పిడుగుల గురించి ముందే చెబుతుంది. గొర్రెలు తోలుకుని బయలు మీద ఉన్న కాపరికి మాత్రం ఊళ్లోంచి ఒక ఫోన్‌ కాల్‌ వెళ్లాలి, చెట్టు కిందకు పోవద్దని చెప్పాలి.

ఇవన్నీ ఊళ్లో విడమర్చి చెప్పగలిగినవాళ్లు కొన్నాళ్లు ఉన్నారు. కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు నడిచాయి. ప్రతి మంగళ, శుక్రవారాల్లో అయిదు రోజుల సూచన చూసి, మామిడికి ఏం చేయాలి, గేదెల్ని ఎన్నింటికి కట్టేయాలి, కోళ్ల షెడ్డు మీద నీళ్లు ఎప్పుడు చల్లాలి అని తెలుగులో రాసి పంపేవారు. దేశవ్యాప్తంగా 199 చోట్ల ఉన్న ఆ విభాగాలను 2024 మార్చితో మూసేశారు. కంప్యూటరే సూచన ఇస్తుంది కదా, మనుషులెందుకు అన్నట్టుంది ఆ నిర్ణయం. మేము దీనితో ఏకీభవించం. తొలకరి ముందు ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. 2025లో రుతుపవనాలు మే 24నే కేరళకు వచ్చాయి, 2009 తర్వాత అంత తొందరగా రావడం అదే మొదలు. రెండు రోజుల్లో మన దగ్గరికీ వచ్చాయి. ఆ తర్వాత కొన్నాళ్లు కదలకుండా ఆగిపోయాయి. తొలి జల్లుకే పత్తి గింజ పెట్టిన రైతు మళ్లీ విత్తనం కొనాల్సిన పరిస్థితి ఇలాంటప్పుడే వస్తుంది. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల బాగా పదునెక్కాకే విత్తాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతారు. మన ఊళ్లో ఇప్పటికి ఎంత పడింది, రానున్న వారం ఎంత పడొచ్చు అన్నది రైతుకు చెప్పే మనిషి మండలానికి ఒకరైనా ఉండాలి. కేంద్రం ఆ విభాగాలను మళ్లీ తెరవాలి. అది ఆలస్యమయ్యేట్టుంటే రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ వచ్చే మార్చిలోగా తమ ఖర్చుతోనే వాటిని నడపాలి.